భామవేషం దిగిన వేళ

2012లో కూచిపూడి ఇద్దరు సత్యాలను పోగొట్టుకుంది. జులై చివర్లో చెన్నైలో వెంపటి చినసత్యం గారు పోయారు, నవంబరులో వేదాంతం సత్యనారాయణశర్మ గారు. ఇద్దరూ ఆ అగ్రహారం బిడ్డలే, ఇద్దరికీ పద్మ పురస్కారాలు వచ్చాయి. ఒక యుగం ముగిసిందని అప్పుడు అందరం అన్నాం. తీరిగ్గా ఆలోచిస్తే ముగిసింది ఒక్కరి యుగమే. చినసత్యం గారు తీర్చిన నాట్యం అప్పటికే వేల మంది ఆడపిల్లల కాళ్లలో ఉంది. చెన్నై నుంచి కాలిఫోర్నియా దాకా ఎక్కడ కూచిపూడి అరంగేట్రం జరిగినా ఆయన బాణీ కనబడుతుంది. శర్మ గారి విద్యకు ఆ భాగ్యం పట్టలేదు. మగవాడు సత్యభామై తెర వెనక నుంచి జడ విసిరితే ఊరంతా ఊపిరి బిగబట్టే ఆట అది. అది కాలంతో పాటు దానంతటదే అరిగిపోయిందని చెప్పుకోవడం తేలిక. కానీ దాన్ని తలకెత్తుకున్నవాళ్లే తర్వాత కిందికి దించారు. ఎత్తుకోవడానికీ దించడానికీ వాళ్లకు కారణం ఒక్కటే.

కూచిపూడి ఇప్పుడు మొవ్వ మండలంలో ఉంది, పాత లెక్కలో దివి తాలూకా. చుట్టూ కాలవలు, వరిచేలు. కోతలయ్యాక మేళాలు బయల్దేరేవి. రాత్రి ఆట. రెండు వైపులా దివిటీలు, పాత్ర ప్రవేశించే వేళకు వాటి మీద గుగ్గిలం పొడి కొడితే భగ్గున లేచే మంట, ఆ వెలుగులో అర్దళం పూసిన పసుపుపచ్చటి మొహం. భామాకలాపంలో ముందుగా కనబడేది మొహం కాదు, జడ. ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా రాకిడి, నాగరం, పువ్వులు, జడగంటలతో నిండైన జడ బయటికి వచ్చి వేలాడేది. విద్యలో నన్ను గెలవగలిగినవాడెవడైనా ఉంటే వచ్చి ఈ జడ కోసుకోండని సభకు సవాలు. తర్వాత ప్రవేశదరువు. ఆ పక్కనే సూత్రధారుడు. తలపాగా తీయడు, పంచె మార్చడు, గొంతూ నడకా మాత్రం మార్చి సత్యభామకు చెలికత్తె మాధవి అవుతాడు. ఉత్తరం కృష్ణుడికి చేరవేయాలంటే ముక్కెర ఇమ్మని బేరం పెడతాడు. చీర కట్టిన మగవాడు, పంచెలోనే ఉన్న ఆడమనిషి, ఇద్దరూ కలిసి విరహం గురించి తెల్లవార్లూ వాదించుకునేవారు. కోపమొచ్చినా కన్నీళ్లొచ్చినా ఊరు నమ్మేది. నమ్మకపోతే ఆ ఆట మూడు శతాబ్దాలు నడిచేది కాదు.

దాని వెనక ఒక ప్రమాణం ఉందని చెప్తారు. భామాకలాపం రాసిన సిద్ధేంద్రయోగి కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల దగ్గర మాట తీసుకున్నాడట, ఆ ఇళ్లలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని. 1763 నాటి ఆస్తి పంపకాల పత్రంలో పదిహేను ఇంటిపేర్లు కనబడతాయి. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి వగైరా. వేషం ఆ ఇంటిపేర్ల హక్కు. ఆ ఇళ్ల ఆడవాళ్లకు గజ్జె కట్టే హక్కు లేదు, నిన్నమొన్నటి దాకా. సత్యభామ ఎలా నడుస్తుందో, ఎలా అలుగుతుందో తేల్చింది మగవాళ్లు. ఇంట్లో ఉన్న సత్యభామలు ఆ ఆటను అరుగు మీద కూర్చుని చూశారు.

కూచిపూడికి కూతవేటు దూరంలో మొవ్వ. అక్కడ వేణుగోపాలస్వామి గుడి. పదిహేడో శతాబ్దంలో క్షేత్రయ్య ఆ స్వామినే నాయకుణ్ణి చేసుకుని పదాలు కట్టాడు. మధుర తిరుమల నాయకుడి దగ్గర, తంజావూరు విజయరాఘవ నాయకుడి దగ్గర, గోల్కొండ పాదుషా దగ్గర కట్టిన పదాల లెక్క ఆయనే ఒక పదంలో చెప్పుకున్నాడు. లెక్క నాలుగు వేలకు పోతుంది, మనకు దక్కినవి నాలుగు వందలు కూడా లేవు. వాటిలో ఎక్కువ భాగం ఆడగొంతులే. విటుడి మీద కసిరే వేశ్య, రాత్రంతా ఎదురుచూసిన ఇల్లాలు, పక్క మీద ఏం జరిగిందో చెలికి చెప్పుకునే పిల్ల. మగకవి ఆడదై దేవుడితో తగువు పెట్టుకోవడం మన నేలకు ఎప్పుడూ వింత కాదని చెప్పడానికే ఇదంతా. వింత ఎక్కడ మొదలైందంటే, ఆ గొంతు ఎవరిదని ప్రభుత్వాలు అడగడం మొదలుపెట్టాక.

ఆ పదాలను గొంతులో దాచి మోసుకొచ్చింది ఆటాపాటా వృత్తిగా బతికిన కలావంతుల ఆడవాళ్లు. భామాకలాపం వాళ్లూ ఆడేవారు, గొల్లకలాపమూ ఆడేవారు. పిఠాపురం కుంతీమాధవస్వామి గుడిలో తొమ్మిది రాత్రుల పారిజాతం వాళ్లదే. పందొమ్మిదో శతాబ్దం చివర కందుకూరి వీరేశలింగం పంతులు గారి తరం సానిమేళాల మీద యుద్ధం ప్రకటించింది. పంతులు గారు వితంతువులకు చేసిన మేలు ఎవరూ కాదనరు, నేనూ కాదనను. కానీ అదే చేతితో ముద్దుపళని రాధికాసాంత్వనం అసహ్యమని తోసిపారేశారు. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి ఆమె, తాను వేశ్యనని దాచుకోని మనిషి. దేవదాసీ ఇంటి బిడ్డే అయిన బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పూర్తి పాఠంతో వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది. మగవాళ్లు రాసిన శృంగారం చెల్లినప్పుడు ఆడది రాస్తే ఎందుకు చెల్లదని పీఠికలో నిలదీసింది. 1911లో ప్రభుత్వం ప్రతులను జప్తు చేసింది. ఆ నిషేధం తొలగడానికి 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉండాల్సి వచ్చింది. అదే 1947లో దేవదాసీ అంకిత నిషేధ చట్టం వచ్చింది. పుస్తకానికి విడుదల, రాసినామె వారసురాళ్ల వృత్తికి మూత.

మద్రాసు ఏలుబడిలో కథ ఇది. అవతల నిజాం రాజ్యంలో ఇంకో పత్రం తయారైంది. 1329 ఫసలీ, అంటే 1919, హైదరాబాదు నపుంసకుల చట్టం. ఉత్తరాదిన 1871లో బ్రిటిషువాళ్లు నేరస్థ తెగల చట్టంలో పెట్టిన మాటలే చాలా వరకు ఇందులోకీ దిగాయి. హిజ్రాల పేర్లతో రిజిస్టరు పెట్టాలి. ఆడబట్టలు కట్టి, నగలు పెట్టి, వీధిలో గానీ పదిమందికి కనబడే చోట గానీ పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. శిక్ష రెండేళ్ల దాకా. పదహారేళ్ల లోపు పిల్లవాణ్ణి ఇంట్లో ఉంచుకోవడమూ నేరమే. 1956లో రెండు ప్రాంతాలూ కలిసి ఆంధ్రప్రదేశ్ అయినప్పుడు ఈ చట్టం పేరు మారింది, తెలంగాణ ప్రాంతానికి పరిమితమని ఒక ముక్క చేరింది, అంతే. రద్దు చేయాలని ఎవరికీ తోచలేదు.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో విశాలాంధ్ర. తమిళులకు భరతనాట్యం ఉంది, మలయాళులకు కథకళి ఉంది, మనకేది అన్న ప్రశ్న ఆ రోజుల్లో పట్టుదలగా వినబడేది. భరతనాట్యం పాటల్లో సగానికి సగం తెలుగువేనన్న ఉక్రోషం దానికి తోడు. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నాట్య సదస్సు పెట్టింది. విస్సా అప్పారావు గారు కూచిపూడి మీద పత్రం చదివారు. ఆడి చూపించింది అగ్రహారం మేళం కాదు, కాంచనమాల అనే యువతి. మరుసటి ఏడు హైదరాబాదులో రాష్ట్ర అకాడమీ మరో సదస్సు పెట్టి, కూచిపూడి శాస్త్రీయమేనని తానే తేల్చుకుంది. ఏలూరు వకీలు బందా కనకలింగేశ్వరరావు గారు ఆ పనికి జీవితం ధారపోశారు, కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం నిలబెట్టారు. ఈ వాదంలో కలావంతుల ఊసు రాకూడదు. వస్తే ఆ నాట్యానికి పుట్టిల్లు సానివాడ అవుతుంది. అందుకని వేదం, శాస్త్రం, సిద్ధేంద్రుడు, పదిహేను కుటుంబాలు ముందుకొచ్చాయి. వాటన్నిటికీ సాక్ష్యంగా స్త్రీవేషం నిలబడింది. మా నాట్యంలో ఆడదే లేదు, బ్రాహ్మణ గృహస్థే అమ్మవారిలా ఆడతాడు, ఇంతకంటే పవిత్రం ఏముంటుందన్న వాదం.

ఆ వాదానికి దొరికిన రూపం సత్యనారాయణశర్మ. 1935లో పుట్టిన మనిషి. సత్యభామగా, ఉషగా, మోహినిగా ఆయన్ను చూసిన పెద్దలు ఇప్పటికీ ఆ కనుబొమ కదలిక గురించే చెప్తారు, కథ గురించి కాదు. 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ. ఆ 1970లో హైదరాబాదులో చీర కట్టి వీధిలో ఆడిన హిజ్రాకు చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు. అదే నగరంలో, రవీంద్రభారతి లాంటి వేదిక మీద, చీర కట్టి ఆడిన కూచిపూడి వారికి శాలువా. ఒకటే బట్ట, ఒకటే గజ్జె. శర్మ గారిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆయన విద్య ఆయన కష్టార్జితం, ఎవరి దగ్గరా దోచుకున్నది కాదు. ఆయనకు నేను ఏ పేరూ తగిలించను, ఆయన గృహస్థు, అంతే. కానీ ఆ గృహస్థుతనమే అనుమతి పత్రం. రాత్రి ఎంత సత్యభామవైనా అవ్వు, తెల్లారేసరికి అర్దళం కడుక్కుని జంధ్యం సవరించుకుంటావన్న హామీ ఉన్నంత వరకు ఆ వేషం కళ. హామీ లేనివాళ్లకు రిజిస్టరు.

ఇంటిపేరు నిలబెట్టిన వేషం ఇంటిపేరుతోనే నిలుస్తుందనుకున్నారు. నిలవలేదు. శాస్త్రీయ నాట్యమని ముద్ర పడ్డాక దానికి కావలసినవి వేరు. మద్రాసు సభల్లో గంటన్నర కచేరీ, విదేశీ పర్యటనలు, నేర్చుకోవడానికి మంచి కుటుంబాల ఆడపిల్లలు, వాళ్ల ఫీజులు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారు అప్పటికే ఆడవాళ్లకు నేర్పడం మొదలుపెట్టారు. యామినీ కృష్ణమూర్తి, ఇంద్రాణీ రెహమాన్ ఆ నాట్యాన్ని దేశాలు తిప్పారు. 1963లో చినసత్యం గారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆయన నృత్యనాటకాల్లో ఆడపాత్రలు ఆడవాళ్లవి. శోభానాయుడు సత్యభామగా వచ్చిన తర్వాత సత్యభామ అంటే జనం కళ్లకు ఆమే. తప్పేముంది? శతాబ్దాలుగా అరుగు మీద కూర్చున్నవాళ్లకు రంగస్థలం దొరికింది. నేను ఏడుస్తున్నది దానికి కాదు. ఆడవాళ్లు రావడానికీ మగ సత్యభామ పోవడానికీ ముడి పెట్టారే, అందుకు. అదే సత్యభామను ఇద్దరూ ఆడవచ్చని ఎవరికీ తట్టలేదు. నిన్న పవిత్రత అన్నది నేడు మొహమాటమైంది. సినిమాల్లో ఆడవేషం కట్టిన మగవాడు నవ్వు పుట్టించడానికే వచ్చేవాడు. ఆ నవ్వు మెల్లిగా మేళం దాకా పాకింది. అగ్రహారం కుర్రాళ్లు నట్టువాంగానికి, గాత్రానికి, తర్వాత ఉద్యోగాలకు మళ్లారు.

తెలుగు నాటకరంగం ఈ దారి ముందే నడిచింది. ఆడవేషాలకు పేరుపడ్డ బాపట్ల స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకృష్ణతులాభారం నాటకంలో సత్యభామ పాట ఒకటి ఆయన తనకోసం తానే కట్టుకున్నాడు. 1966 సినిమాలో అది జమున గారి మొహం మీదికి మారింది. ఇప్పుడు ఆ పాట పాడమంటే ప్రతి ఇంట్లోనూ పాడతారు. దాన్ని మొదట మీసం గీయించుకున్న మగవాడు కొప్పు ముడుచుకుని పాడాడంటే ఔనా అని నోరెళ్లబెడతారు.

ఆసియా పటం ముందేసుకుంటే ఇది మన ఒక్కరి కథ కాదని తెలుస్తుంది. శర్మ గారికి అకాడమీ అవార్డు వచ్చిన 1961లోనే బీజింగులో మేయ్ లాన్‌ఫాంగ్ కన్నుమూశాడు, చైనా గీతనాటకంలో స్త్రీపాత్రలకు ప్రపంచమంతా పేరుపడ్డ నటుడు. 1949 తర్వాత కొత్త ప్రభుత్వం ఆయన్ను నెత్తిన పెట్టుకుంది గానీ, ఆ విద్యలో కొత్త మగపిల్లల్ని తయారు చేయడానికి మొగ్గు చూపలేదు. సాంస్కృతిక విప్లవం నాటి విప్లవ నాటకాల్లో ఆ వేషానికి చోటే లేకపోయింది. ఇండోనేషియా దక్షిణ సులవేసిలో ఆడా మగా కాని బిస్సూ పూజారులను 1950లు, 60ల్లో మతతిరుగుబాటుదార్లు వెంటాడారు. జపాన్ వేరే దారి పట్టింది. 1629లో కబుకీ నుంచి ఆడవాళ్లను వెళ్లగొట్టిన దేశమే 2012లో ఆడవేషాల బాందో తమసబురోను సజీవ జాతీయ నిధిగా ప్రకటించింది. మన సత్యభామ పోయిన ఏడే అది. ఒక్కో రాజ్యం తన ఇంటి అవసరాన్ని బట్టి వేషాన్ని వాడుకుంది. కమ్యూనిస్టుకు కొత్త మనిషి కావాలి, తిరుగుబాటుదారుకు శుద్ధమైన మతం కావాలి, జపానుకు వారసత్వ ప్రదర్శన కావాలి. మనకు ఒక రాష్ట్రానికి తగిన నాట్యం కావాలి.

వీటి గురించి చదివి రాసేవాళ్ల గతీ, నలుగురిలో మాట్లాడేవాళ్ల గతీ అంతే. 2005 జులైలో బ్యాంకాకులో ఆసియా క్వియర్ అధ్యయనాల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగినప్పుడు, ఇక ఆసియా తన కథ తానే చెప్పుకుంటుందని ఆశ పుట్టింది. 2010లో ఇండోనేషియాలోని సురబయాలో జరగాల్సిన ఎల్‌జీబీటీ సమావేశాన్ని మతఛాందసులు ఆపేశారు. 2011లో మలేషియా పోలీసులు సెక్సువాలిటీ మెర్దెకా ఉత్సవాన్ని నిషేధించారు. 2020లో షాంఘై ప్రైడ్ మూతబడింది. మన దగ్గర అలాంటి నిషేధమేదీ లేదు. అసలు ఆ ప్రశ్నే లేవకుండా ఉండే ఏర్పాటు ఉంది. కలావంతుల గతం మీద దావేశ్ సోనేజీ పుస్తకం 2012లో షికాగో నుంచి వచ్చింది. కూచిపూడి స్త్రీవేషం మీద, ఆ వేషం వెనక ఉన్న బ్రాహ్మణ మగతనం మీద హర్షిత మృత్తింటి కామత్ రాసిన పుస్తకం 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వేసింది. ఆమె పాఠం చెప్పేది అట్లాంటాలో. రెండూ ఇంగ్లీషు పుస్తకాలే. మొవ్వ మండలం గుట్టు తెలియాలంటే మొవ్వ కుర్రాడు సముద్రాల అవతల అచ్చయిన ఇంగ్లీషు పుస్తకం చదవాలి.

ఊళ్లోనే ఉన్న చదువు సంగతి చెప్పుకోవాలి. సిద్ధేంద్రయోగి కూచిపూడి కళాపీఠం తెలుగు విశ్వవిద్యాలయంలో భాగంగా నడిచింది. విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఉంది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు అది విభజన చట్టం పదో షెడ్యూలులో చిక్కుకుంది, కూచిపూడి పీఠం ఏ గట్టున ఉందో తేలక నలిగింది. తర్వాత తెలంగాణ ఆ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకుంది. విభజన తర్వాత అక్కడ నటరాజ రామకృష్ణ గారి పేరిణి రాష్ట్ర నాట్యమైంది, ఇక్కడ కూచిపూడి పోస్టర్ల మీదికెక్కింది. రెండు రాష్ట్రాలూ నాట్యాన్ని జెండాలా పంచుకున్నాయి. జెండా అయ్యాక దాని వెనక కులం ఏమిటి, లింగం ఏమిటి, ఎవరి విద్య ఎవరి పేరు మీదికి మారిందన్న ప్రశ్న వేసే పరిశోధక విద్యార్థికి ఆ గదుల్లో కుర్చీ వేసేవాళ్లు కరువు.

కదలిక వచ్చింది మాత్రం నాట్యశాలల నుంచి కాదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తమ లింగాన్ని తామే చెప్పుకునే హక్కు ఉందంది. 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంపర్కాన్ని నేరమన్న 377వ సెక్షను కోరలు పీకింది. ఆ కేసుకు పేరు పడ్డ నవతేజ్ సింగ్ జోహర్ భరతనాట్యం కళాకారుడు. నాట్యం చేసేవాళ్లలో ఒక్కడైనా కోర్టు మెట్లెక్కాడని అప్పుడు సంతోషించాను. అదే 2018లో వైజయంతి వసంత మోగ్లి, మరికొందరు కలిసి హైదరాబాదు హైకోర్టులో 1919 నాటి చట్టాన్ని సవాలు చేశారు. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కరరెడ్డిల ధర్మాసనం దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది, ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇవ్వమంది. నూట నాలుగేళ్లు బతికిన చట్టం. ఇవతల ఆంధ్రప్రదేశ్ 2017 చివర ట్రాన్స్‌జెండర్ విధానం తెచ్చి నెలకు 1,500 పింఛను మొదలుపెట్టింది. ఆ హైకోర్టు తీర్పు కూచిపూడి చరిత్రకు సంబంధించినది అంటే నవ్వుతారేమో. ఆడబట్ట కట్టి నలుగురిలో ఆడడం నేరమన్న చట్టం గురించి కూచిపూడికి కాకపోతే ఎవరికి పట్టాలి? ఆ వందేళ్లలో మేళం పెద్దలు గానీ అకాడమీ పెద్దలు గానీ ఆ చట్టం మీద పెదవి విప్పిన దాఖలా నా కంటబడలేదు. బందరు బస్టాండులో, గుడివాడ స్టేషనులో చప్పట్లు కొట్టి చేయి చాచేవాళ్లతో తమకు చుట్టరికం కలుస్తుందేమోనన్న భయమే దానికి కారణమని నా అనుమానం.

ఆ భయం వేషాన్ని కాపాడిందా అంటే అదీ లేదు. వీధిలో ఆడేవాళ్లకు దూరంగా, సానివాడకు దూరంగా, ఇంటి ఆడవాళ్లకు దూరంగా పెట్టి దాచుకున్న విద్యకు చివరికి మిగిలిన చుట్టాలు ఉత్సవ కమిటీలు. సిద్ధేంద్ర ఉత్సవాలప్పుడు ఒకరిద్దరు కుటుంబీకులు ఇంకా భామవేషం కడతారు. చూసేవాళ్లు ఫోన్లు పైకెత్తుతారు.

పోయిందని నేను తేల్చేయబోతుంటే ఒంగోలు నుంచి హలీం ఖాన్ పేరు వినబడుతుంది. ముస్లిం కుర్రాడు, కూచిపూడి నేర్చుకున్నాడు, సినిమాలో నటించాడు, స్త్రీవేషమే తన దారిగా ఎంచుకుని దేశవిదేశాల్లో ఆడుతున్నాడు. సత్యభామ కడతాడు, జడ వేస్తాడు. పదిహేను ఇంటిపేర్లలో ఆయనది లేదు. సిద్ధేంద్రుడికి ఆయన తాత ముత్తాతలెవరూ మాట ఇవ్వలేదు.